తోబుట్టువుతో కలిసి లెబనీస్ భోజనానికి వెళ్తున్నారా? ఇలా ప్లాన్ చేసుకోండి

పెళ్లిళ్లయ్యాక అక్కాతమ్ముళ్లు, అన్నాచెల్లెళ్లు ఇద్దరే కూర్చుని భోంచేసే సందర్భాలు బాగా తగ్గిపోతాయి. ఇంట్లో కలిస్తే వంట, గిన్నెలు, పిల్లల హడావుడి. బయటికెళ్తే ఎవరి బిర్యానీ వాళ్లు తినేసి, బిల్లు కట్టేసి వచ్చేస్తాం. మాట్లాడుకోవాల్సినవి మాత్రం ఫోన్‌లో, అదీ ఆఫీసుకి డ్రైవ్ చేస్తూ మాట్లాడుకుంటాం. తోబుట్టువుతో తీరిగ్గా రెండు గంటలు గడపాలనుకునేవాళ్లకు నేను లెబనీస్ లాంటి మెడిటరేనియన్, అంటే మధ్యధరా ప్రాంతపు భోజనమే చెప్తాను. చిన్న చిన్న ప్లేట్లు బల్ల మధ్యలో పెడతారు, ఇద్దరూ ఒకే ప్లేటులోంచి తింటారు. తినడానికి టైం పడుతుంది, ఆ టైంలో మాటలు వాటంతటవే వస్తాయి. 2010లో యునెస్కో మధ్యధరా ప్రాంతపు ఆహార పద్ధతిని సాంస్కృతిక వారసత్వంగా గుర్తించినప్పుడు ఆలివ్ నూనె, కూరగాయలతో పాటు నలుగురూ కలిసి కూర్చుని తినే అలవాటును కూడా అందులో భాగంగానే చెప్పింది.

ఇదంతా మిషిగన్‌లో, డెట్రాయిట్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. నోవై, కాంటన్, ఫార్మింగ్‌టన్ హిల్స్ వైపు నుంచి డియర్‌బోర్న్ అటూ ఇటూగా అరగంట ప్రయాణం. ఒకప్పుడు ఫోర్డ్ ఫ్యాక్టరీల్లో పని కోసం వచ్చి స్థిరపడిన లెబనీస్ కుటుంబాల ఊరది. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడ సగానికి పైగా జనం మధ్యప్రాచ్య, ఉత్తర ఆఫ్రికా మూలాలున్నవాళ్లే. అందుకే అక్కడి లెబనీస్ వంట వాళ్ల ఇళ్లలో తినే తిండికి దగ్గరగా ఉంటుంది. మీరు డాలస్‌లో ఉన్నా, న్యూజెర్సీలో ఉన్నా ఈ పద్ధతి పనికొస్తుంది.

ముందు బోర్డు వెనక ఉన్న వంట ఏదో చూసుకోండి

బయట "మెడిటరేనియన్" అని రాసి ఉన్నా లోపల ఉండేది సాధారణంగా లెబనీస్, టర్కిష్, గ్రీక్ వంటల్లో ఏదో ఒకటి. ఒకరు శాకాహారం, ఒకరు మాంసాహారం అయితే లెబనీస్ చోటే మేలు. మాంసం ఊసు లేకుండా బల్ల నిండుతుంది. టర్కిష్ చోట కబాబులదే రాజ్యం. గ్రీక్ చోట పంది మాంసం కూడా ఉండొచ్చు, ముఖ్యంగా ఊచకు గుచ్చి కాల్చే సూవ్లాకిలో. వెళ్లే ముందు మెనూ ఒకసారి ఆన్‌లైన్‌లో తెరిచి చూస్తే చాలు, తెలిసిపోతుంది.

ఫోన్‌లోనే తేల్చుకోవాల్సిన మూడు విషయాలు

మొదటిది, ఎవరెవరు వస్తున్నారు. ఇద్దరే అనుకుంటే ఇద్దరే వెళ్లండి. "ఆ రోజు పిల్లల్ని బావ చూసుకుంటారా అక్కా?" అని వారం ముందే అడగండి. చివరి నిమిషంలో పిల్లలు కూడా వస్తే అది మంచి కుటుంబ భోజనమే అవుతుంది కానీ మీరనుకున్న సాయంత్రం కాదు. బావకో వదినకో కూడా ఇది ముందే చెప్పాలి, లేకపోతే తమను వదిలేసి వెళ్లారని చిన్నబుచ్చుకుంటారు. మర్నాడు అందరూ కలిసి ఇంట్లో టిఫిన్ చేద్దామని చెప్తే సరిపోతుంది.

రెండోది, రోజు. శుక్ర, శనివారాల రాత్రుళ్లు డియర్‌బోర్న్ రెస్టారెంట్లు పెద్ద పెద్ద కుటుంబాలతో కిటకిటలాడతాయి, పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. బుధ, గురువారాల సాయంత్రాలో, ఆదివారం మధ్యాహ్నం రెండున్నర తర్వాతో అయితే తీరిక దొరుకుతుంది. దీంతో పాటు మన వారాలు కూడా చూసుకోండి. అక్క గురువారం నీచు ముట్టదనుకోండి, అన్నయ్య కార్తీకమాసం అంతా మానేస్తాడనుకోండి, ఆ రోజులు వదిలేస్తే ఎవరికీ మనసులో పీకులాట ఉండదు. రంజాన్ నెలలో ఇఫ్తార్ వేళకు సీటు దొరకడం కష్టం, ముందే బుక్ చేసుకోవాలి.

మూడోది, బిల్లు. తోబుట్టువుల మధ్య కార్డుల కొట్లాట బల్ల దగ్గర జరిగితే వెయిటర్ నలిగిపోతాడు. "ఈసారి నేను, వచ్చేసారి నువ్వు" అని ఫోన్‌లోనే అనేసుకోండి. అక్క ఎలాగూ ఒప్పుకోదు అనిపిస్తే, చేతులు కడుక్కోవడానికి లేచినప్పుడు కార్డు కౌంటర్లో ఇచ్చి రండి. సంపాదనలో తేడా ఉన్న ఇళ్లలో ఇది ఇంకా ముఖ్యం. ఉద్యోగం పోయి వెతుక్కుంటున్న తమ్ముణ్ణి మెనూలో రేట్లు చూసుకుంటూ కూర్చోనివ్వకండి. "పార్టీ నాది, నువ్వు రా చాలు" అని ముందే చెప్పండి.

మాంసం గురించి సిగ్గుపడకుండా అడగండి

ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి, మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

కఫ్తా అంటే ఉల్లిపాయ, పార్స్‌లీ (కొత్తిమీర లాంటి ఆకు) కలిపిన కీమాను ఊచకు పట్టించి కాల్చేది. అది ల్యాంబ్ కావచ్చు, బీఫ్ కావచ్చు, రెండూ కలిపినదీ కావచ్చు. గ్రీక్ చోట్ల నిలువు ఊచ మీద కాల్చి చెక్కి ఇచ్చే గైరో మాంసం అమెరికాలో చాలావరకు బీఫ్, ల్యాంబ్ కలిపినదే. షవర్మాలో చికెన్ వేరుగా, బీఫ్ వేరుగా ఉంటుంది. షిష్ కబాబ్ కూడా ఏ మాంసమో అడగాల్సిందే. కిబ్బే అంటే గోధుమ నూకలో మాంసం కలిపి, లోపల కీమా కూరి నూనెలో వేయించే ఉండ. చూడ్డానికి ఆలూ బోండాలా అమాయకంగా ఉంటుంది కాబట్టి శాకాహారులు జాగ్రత్త. కిబ్బే నయ్యే అని ఉంటే అది పచ్చి మాంసం. షిష్ తావూక్ అంటే మాత్రం నిమ్మరసం, వెల్లుల్లిలో నానబెట్టి కాల్చిన చికెన్ ముక్కలు, బీఫ్ తినని వాళ్లు నిశ్చింతగా చెప్పుకోవచ్చు.

అడగాల్సిన ప్రశ్న చిన్నదే: "ఇది ల్యాంబా, బీఫా, రెండూ కలిపా?" మిక్స్‌డ్ గ్రిల్ తీసుకుంటే అందులో కఫ్తా ఊచ ఒకటి ఉంటుంది. దాని బదులు ఇంకో తావూక్ ఊచ పెట్టమంటే చాలాచోట్ల మారుస్తారు. డియర్‌బోర్న్‌లో ఎక్కువ రెస్టారెంట్లు హలాలే, అయినా ఆ పట్టింపు ఉన్నవాళ్లు ఒక మాట అడిగి నిర్ధారించుకోవచ్చు. అక్కడ చాలా లెబనీస్ చోట్ల మందు ఉండదు. అప్పటికప్పుడు తీసిచ్చే పళ్లరసాలు మాత్రం బాగుంటాయి.

శాకాహారి తోబుట్టువు ఉంటే మీరే ముందుండి నాలుగు సంగతులు కనుక్కోండి, అన్నిటికీ వాళ్లే నోరు తెరిచి అడగాల్సి రావడం ఇబ్బందిగా ఉంటుంది. పప్పు సూప్‌లో చికెన్ నీళ్లు పోశారా? సేమ్యా వేసి వండే అన్నం చికెన్ స్టాక్‌లో ఉడికించారా? శనగలు రుబ్బి వడల్లా వేసే ఫలాఫెల్‌నూ కిబ్బేనూ ఒకే నూనెలో వేయిస్తారా? ద్రాక్షాకు చుట్టల్లో ఏముంది? ఈ చివరిదానికి ఒక గుర్తు ఉంది. ఆలివ్ నూనెతో చల్లగా వడ్డించేవి సాధారణంగా శాకాహారం, వేడివేడిగా వచ్చేవి మాంసం కూరినవి. గ్రీక్ చోట ముసాకాలో కీమా ఉంటుంది. వంకాయ వంటకమే కదా అనుకుని తెలియక చెప్పేస్తారు.

ఆరోగ్యం సంగతులు కూడా ఇప్పుడే. నువ్వులు పడనివాళ్లకు ఈ వంట కష్టం, ఎందుకంటే హమ్మస్ (ఉడికించిన కాబూలీ శనగల ముద్ద), బాబా గనూష్ (కాల్చిన వంకాయ ముద్ద), ఫలాఫెల్ మీద పోసే సాస్, అన్నిట్లోనూ నువ్వుల ముద్ద ఉంటుంది. జీ6పీడీ లోపం ఉందని డాక్టర్ చెప్పినవాళ్లు ఫావా గింజలు (ఒక రకం పెద్ద చిక్కుడు గింజలు) అస్సలు తినకూడదు. ఫూల్ అనే వంటకం పూర్తిగా వాటితోనే చేస్తారు, కొన్నిచోట్ల ఫలాఫెల్‌లోనూ కలుపుతారు. స్వీట్లలో పిస్తా, వాల్‌నట్ తప్పనిసరి. షుగర్ ఉన్న అన్నయ్యకు ఈ బల్ల నిజంగా మంచిదే, కాకపోతే రొట్టె, అన్నం, ఆలూ వేపుడు మూడూ ఒకేసారి ప్లేట్లో పడకూడదు. అన్నం బదులు సలాడ్ ఇమ్మంటే చాలాచోట్ల ఇస్తారు.

ఆర్డర్ ఒకేసారి ఇవ్వకండి

మొత్తం వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకుంటానంటే ఇదే గుర్తుంచుకోండి. కూర్చోగానే మెనూ అంతా చెప్పేస్తే పావుగంటలో అన్నీ ఒకేసారి వచ్చి పడతాయి. బల్ల మీద చోటుండదు, వేడివి చల్లారతాయి, గబగబా తిని లేస్తారు. "ముందు ఈ చిన్న ప్లేట్లు తెండి. మెయిన్ కాసేపాగి చెప్తాం, మాకు తొందర లేదు" అని మర్యాదగా చెప్పండి. రద్దీ లేని రోజు ఎంచుకోమన్నది అందుకే, ఆ రోజుల్లో ఎవరూ మిమ్మల్ని తొందరపెట్టరు.

ఈ చిన్న ప్లేట్లనే మెజ్జే అంటారు, ఇద్దరికి నాలుగు మెజ్జే ప్లేట్లు సరిపోతాయి. హమ్మస్ ఒకటి. బాబా గనూష్ ఒకటి. వంకాయను నిప్పుల మీద కాల్చి, తోలు తీసి, నువ్వుల ముద్ద, నిమ్మరసం కలిపి చేస్తారు. మన కాల్చిన వంకాయ పచ్చడి తిని పెరిగిన వాళ్లకు మొదటి ముద్దలోనే ఆ పొగ వాసన పట్టేస్తుంది. మూడోది ఫత్తూష్, అంటే కరకరలాడే రొట్టె ముక్కలు, సుమాక్ అనే పుల్లటి ఎర్ర పొడి వేసిన సలాడ్. టబూలే కూడా మంచిదే కానీ అందులో పార్స్‌లీ ఆకు ఎక్కువ, కొత్తవాళ్లకు పచ్చి వాసన అనిపించవచ్చు. నాలుగోది వేడిది: ఫలాఫెల్ గానీ, కాల్చిన హలూమీ చీజ్ గానీ.

మెయిన్ ఒక్కటే చెప్పి పంచుకోండి. అమెరికాలో ఒక గ్రిల్ ప్లేటు ఇద్దరికి వస్తుంది. పక్కన శాకాహారికి ముజద్దరా చెప్పొచ్చు. మసూర్ పప్పు, బియ్యం కలిపి వండి, పైన నల్లబడేదాకా వేయించిన ఉల్లిపాయలు వేస్తారు. మెనూలో మూలన ఎక్కడో ఉంటుంది, ధర తక్కువ, ఎవరూ పట్టించుకోరు. నా మట్టుకు నాకు లెబనీస్ వంటలో దాన్ని మించినది లేదు.

తినే పద్ధతి

పొయ్యిలోంచి అప్పుడే తీసిన రొట్టె బంతిలా ఉబ్బి వస్తుంది. అంచు చించగానే ఆవిరి బుస్సున బయటికొస్తుంది, వేళ్లు జాగ్రత్త. అయిదు నిమిషాలు వదిలేస్తే అదే రొట్టె అణిగిపోయి సాగుతుంది. కాబట్టి వచ్చిన వెంటనే మొదలుపెట్టండి, చల్లారితే ఇంకోటి అడగండి, చాలాచోట్ల దానికి డబ్బులు తీసుకోరు.

హమ్మస్ వెడల్పాటి ప్లేటులో వస్తుంది. గరిటె వెనక భాగంతో చుట్టూ కాలువలా తీసి, అందులో ఆలివ్ నూనె పోస్తారు. స్పూను వెతుక్కోకండి. రెండు వేళ్ల వెడల్పు రొట్టె ముక్క చించి, మధ్యకు మడిచి, ప్లేటు అంచు నుంచి లోపలికి తుడిచినట్టు తీయండి. అలా తీస్తే హమ్మస్‌తో పాటు ఆ నూనె కూడా వస్తుంది. ఒకే ప్లేటులో ఇద్దరి చేతులూ పెట్టడానికి స్నేహితుల దగ్గర మొహమాటపడతాం గానీ తోడబుట్టినవాళ్ల దగ్గర ఆ మొహమాటం ఎందుకు?

చిన్న గిన్నెలో తెల్లగా, నురగలా ఇచ్చే తూమ్ సంగతి చెప్పాలి. చూడ్డానికి మయోనైజ్‌లా ఉంటుంది కానీ అది పచ్చి వెల్లుల్లి, నూనె, నిమ్మరసం, ఉప్పు కలిపి చిలికినది. అసలు పద్ధతిలో గుడ్డు ఉండదు, కొందరు తెల్లసొన కలుపుతారు, గుడ్డు తిననివాళ్లు అడగాలి. హైదరాబాద్‌లో షవర్మాకు తోడుగా ఇచ్చే మయోనైజ్ కథ వేరు. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాది పాటు నిషేధించింది. తూమ్‌ను గోరంత తీసుకుని చికెన్ ముక్కకు రాయండి, మొదటిసారి ఎక్కువ తింటే నోరు మండుతుంది.

కారం తక్కువగా ఉందని మన నాలుక వెంటనే చెప్తుంది. హాట్ సాస్ అడిగే ముందు గులాబీ రంగు టర్నిప్ ఊరగాయ ఒక ముక్క కొరికి, పైన నిమ్మకాయ పిండి చూడండి. పులుపు తగిలితే కారం లోటు అంతగా తెలియదు. టర్కిష్ చోట అయితే ఐరాన్ చెప్పుకోండి, ఉప్పు వేసిన చిక్కటి మజ్జిగే అది.

అసలు మాటలు ఎప్పుడు ఎత్తాలి

చాలామంది తోబుట్టువులు కలిసేసరికి ఏదో ఒక బరువైన విషయం మనసులో ఉంటుంది. నాన్నకు మోకాలి ఆపరేషన్ చేయించాలా? అమ్మావాళ్లు వేసవిలో వస్తే ముందు ఎవరింట్లో ఉండాలి, ఇన్సూరెన్స్ ఎవరు తీసుకోవాలి? ఊళ్లో ఇల్లు అద్దెకిద్దామా, అలాగే ఉంచుదామా? ఈ విషయాలు కూర్చోగానే ఎత్తకండి. ఆకలితో ఉన్నప్పుడు మాటకు మాట తగులుకుంటుంది. మొదటి రెండు ప్లేట్లు అయ్యేదాకా ఆఫీసు, పిల్లల బడి, చిన్నప్పటి స్నేహితులు, ఇవే మాట్లాడుకోండి.

మెజ్జే అయిపోయి, మెయిన్ చెప్పాక అది రావడానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది. సరైన సమయం అదే. కడుపు సగం నిండి ఉంటుంది, చేతులు ఖాళీగా ఉంటాయి, ఎదుటివాళ్ల మొహం చూస్తూ మాట్లాడొచ్చు. ఒక్క విషయమే ఎత్తండి, మూడు ఒకేసారి వద్దు. "నేనొక్కదాన్నే చూసుకుంటున్నాను" అని చెల్లి అంటే, మీరు పంపిన డబ్బుల లెక్క చెప్పడం మొదలుపెట్టకండి. వారానికి ఎన్నిసార్లు హాస్పిటల్‌కి వెళ్తోంది, రాత్రుళ్లు ఎవరుంటున్నారు అని అడగండి. తను చెప్పడం పూర్తయ్యేదాకా ఆగండి. ఇండియాలో అమ్మానాన్నల దగ్గర ఉన్న తోబుట్టువు మిమ్మల్ని చూడ్డానికి అమెరికా వస్తే ఇది ఇంకా అవసరం. వాళ్లు ఇన్నేళ్లుగా చేస్తున్నది మీకు తెలుసని, అది చిన్న విషయం కాదని నోరు తెరిచి చెప్పండి. వాట్సాప్‌లో పెట్టే థాంక్యూ దానికి సరిపోదు.

ఒక నిర్ణయం తీసుకున్నారంటే అక్కడితో ఆ టాపిక్ ఆపేయండి. ప్లేటు వచ్చాక మళ్లీ లాగకండి. మాట పెరిగి గొంతు మారితే లేచి చేతులు కడుక్కుని రండి, తిరిగొచ్చాక తిండి గురించి మాట్లాడండి, మిగతాది మరోసారి.

అమ్మకు వీడియో కాల్ చేయాలనిపిస్తుంది, చేయండి, కానీ చివర్లో. వేసవిలో ఇక్కడ రాత్రి ఎనిమిది అంటే అక్కడ తెల్లవారి ఐదున్నర, చలికాలంలో ఆరున్నర. టీ వచ్చే వేళకు అమ్మ లేచే ఉంటుంది. అంతవరకు రెండు ఫోన్లూ బ్యాగులోనే ఉండనివ్వండి.

స్వీటు, కాఫీ

రెస్టారెంట్లో స్వీటు చెప్పకుండా, బిల్లు కట్టేశాక దగ్గర్లోని అరబ్ బేకరీకి నడవడం నాకిష్టం. డియర్‌బోర్న్ వారెన్ అవెన్యూలో అలాంటివి ఉన్నాయి. కునాఫా, అంటే లోపల చీజ్ పెట్టి పాకం పోసే స్వీటు, అక్కడే కూర్చుని వేడిగా తినాలి. లోపలి చీజ్ చల్లారితే గట్టిపడుతుంది, పార్సిల్‌కి పనికిరాదు. పలచటి పొరల మధ్య పిస్తా, వాల్‌నట్ లాంటివి పెట్టి చేసే బక్లావా అయితే ఇంటికి తీసుకెళ్లండి, ఫ్రిజ్‌లో పెట్టకుండా డబ్బాలో మూతపెట్టి ఉంచితే కొన్ని రోజులు కరకరలాడుతుంది. టర్కిష్ కాఫీకి పంచదార కాచేటప్పుడే వేస్తారు కాబట్టి ఎంత కావాలో ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పాలి. అడుగున పొడి పేరుకుంటుంది, చివరి గుక్క వదిలేయండి.

బిల్లు, పార్సిల్

మిషిగన్‌లో భోజనం మీద 6 శాతం సేల్స్ టాక్స్ పడుతుంది. టిప్పు 18 నుంచి 20 శాతం ఇవ్వడం పద్ధతి. రెండు గంటలు బల్ల పట్టుకుని కూర్చున్నారు కాబట్టి ఇంకొంచెం ఎక్కువే ఇవ్వండి, ఆ టైంలో వాళ్లకు ఇంకో కుటుంబం వచ్చేది.

మిగిలింది వదిలేయకుండా కట్టించుకోండి. హమ్మస్, బాబా గనూష్ ఫ్రిజ్‌లో మూడు రోజులు బాగానే ఉంటాయి. అన్నం, మాంసం రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. మాంసాన్ని మర్నాడు పెనం మీద నాలుగు చుక్కల నీళ్లు చల్లి, మూతపెట్టి వేడి చేస్తే మెత్తగా ఉంటుంది. ఫత్తూష్ మాత్రం కట్టించుకోవద్దు, ఇంటికెళ్లేసరికి రొట్టె ముక్కలు నానిపోతాయి. డబ్బాలు రెండుగా సర్దమని బల్ల దగ్గరే చెప్పండి, ఒకటి అక్కకు, ఒకటి మీకు. ముజద్దరా మిగిలితే అది అక్క డబ్బాలోనే పెట్టించండి, పొద్దున పిల్లల లంచ్‌కి పెరుగుతో పెట్టేస్తుంది.